పుట్టింటి కార్డు నుంచి అత్తింటి కార్డుకు: నా అనుభవం

తెలంగాణలో రేషన్ షాపుల ద్వారా దొడ్డు బియ్యానికి బదులు సన్నబియ్యం ఇవ్వడం 2025 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకు ముందు, మార్చి 30న ఉగాది నాడు, మా సూర్యాపేట జిల్లాలోని హుజూర్‌నగర్‌లో జరిగిన సభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ పథకాన్ని ప్రారంభించారు. కొత్త రేషన్ కార్డుల పంపిణీ కూడా అదే ఏడాది జూలై 14న మా జిల్లాలోని తిరుమలగిరి సభలోనే మొదలైంది. బియ్యం రకం మారడమనేది రాష్ట్రమంతటా ఒక్క తేదీన జరిగిపోయింది గాని, ఆ బియ్యం ఎవరి పేరున వస్తాయో ఆ పేర్లు మారడం మాత్రం ఇంటింటికీ, ఊరూరికీ వేరువేరు వేగంతో సాగింది. నా పేరు, నా ఇద్దరు పిల్లల పేర్లు మా అత్తగారింటి కార్డులో ఎక్కేదాకా ఏం జరిగిందో, ఇదే దారిలో ఉన్నవారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

మేము ఉండేది ఒక చిన్న పల్లె. మామయ్యకు ఎకరంన్నర ఖుష్కి, అంటే మెట్ట భూమి ఉంది. నా భర్త ఆటో నడుపుతారు. నేను డిగ్రీ చదివాను గాని ఇంట్లో కుట్టుమిషన్ మీద జాకెట్లు, స్కూలు బట్టలు కుడతాను. నా పెళ్లి 2017లో జరిగింది, పాప 2018లో, బాబు 2021లో పుట్టారు. అంటే ఇంట్లో తినేవాళ్లం ఆరుగురం. కార్డులో ఉన్నది నలుగురు: అత్తమ్మ, మామయ్య, నా భర్త, ఎప్పుడో పెళ్లయి వెళ్లిపోయిన మా ఆడపడుచు. నా పేరు జనగామ జిల్లాలోని మా అమ్మ కార్డులో ఉండిపోయింది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015 జనవరిలో ఆహార భద్రత కార్డుల లెక్క మొదలైనప్పుడు మనిషికి 6 కిలోల చొప్పున, ఇంట్లో ఎందరున్నా అందరికీ ఇస్తామన్నారు. అంతకు ముందు మనిషికి 4 కిలోలు, ఇంటికి 20 కిలోలు మించకూడదన్న హద్దు ఉండేది. ఆ మార్పు పెద్ద కుటుంబాలకు నిజంగా మేలు చేసింది. అయితే తర్వాతి సంవత్సరాల్లో చనిపోయినవారి పేర్లు తొలగించడం ఏదో ఒక విధంగా సాగుతూనే ఉన్నా, కొత్త పేర్లు చేర్చడం మాత్రం దాదాపుగా నిలిచిపోయింది. 2021లో కొన్ని కొత్త కార్డులు మంజూరయ్యాయి గాని, ఉన్న కార్డులో కోడలి పేరో, పుట్టిన బిడ్డ పేరో ఎక్కించమని పెట్టుకున్న మా దరఖాస్తు అప్పుడూ కదలలేదు. మా నాన్న చనిపోయినప్పుడు ఆయన యూనిట్, అంటే కార్డులో ఒక మనిషి వంతు, అమ్మ కార్డులోంచి పోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. నా పాప పుట్టి బడికి వెళ్లే వయసు వచ్చినా ఆమె యూనిట్ ఎక్కడా ఎక్కలేదు.

దాంతో పల్లెల్లో ఒక రకమైన సర్దుబాటు ఏర్పడింది. పెళ్లయిన ఆడపిల్ల పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోతుంది, ఆమె వంతు బియ్యం తల్లిదండ్రులు తెచ్చుకుంటారు. అత్తింటివాళ్లు తమ ఇంటినుంచి వెళ్లిన ఆడపిల్ల వంతు తెచ్చుకుంటారు. కార్డులోని ఎవరో ఒకరు వేలిముద్ర వేస్తే ఇంటి కోటా మొత్తం ఇస్తారు కాబట్టి ఇది సాగిపోయింది. మా ఆడపడుచు బియ్యం నేను తిన్నాను, నా బియ్యం మా తమ్ముడి భార్య తిన్నది. ఆమె పేరు ఆమె పుట్టింట్లో ఉంది. లెక్కలో ఎవరికీ నష్టం లేనట్టే కనిపిస్తుంది గాని, పుట్టిన పిల్లలకు ఏ ఇంట్లోనూ లెక్క లేదు. ఆ నష్టం మాత్రం ఎవరూ పూడ్చలేదు.

దరఖాస్తుల కథ 2023 డిసెంబరు 28న మొదలైన ప్రజాపాలన సభలతో మళ్లీ కదిలింది. జనవరి 6 వరకు జరిగిన ఆ సభల్లో ఇచ్చిన ఫారంలో గ్యాస్ సిలిండరుకు, కరెంటుకు, ఇంటికి గడులున్నాయి గాని రేషన్ కార్డుకు గడి లేదు. తెల్ల కాగితం మీద రాసి ఇవ్వమన్నారు, రాసి ఇచ్చాము. ఆ కాగితం ఏమయిందో ఏడాది దాకా తెలియలేదు. 2025 జనవరి 21 నుంచి 24 వరకు జరిగిన గ్రామసభల్లో కొత్త కార్డులకు అర్హుల జాబితా చదివారు. మా ఊళ్లో పేరు లేనివాళ్లే ఎక్కువ మంది ఉండటంతో సభ గొడవగా మారింది. మళ్లీ దరఖాస్తు ఇవ్వవచ్చని పంచాయతీ కార్యదర్శి మైకులో చెప్పారు. ఫిబ్రవరిలో మీసేవ కేంద్రాల్లో దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టాక గాని మాకు ఒక రసీదు, దాని మీద ఒక నంబరు చేతికి రాలేదు. తెల్ల కాగితానికీ ఈ నంబరుకూ తేడా ఏమిటంటే, పౌరసరఫరాల శాఖ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి దరఖాస్తు ఎవరి దగ్గర ఆగిందో చూసుకోవచ్చు. నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చింది ఆ ఒక్క వసతే.

అయితే ఆ నంబరు కూడా మాకు మొదటిసారే రాలేదు. మీసేవలో నా ఆధార్ నంబరు కొట్టగానే అది ఇప్పటికే వేరే కార్డులో ఉందని చూపించింది. మా రేషన్ డీలర్ దగ్గరికి వెళ్తే ఆయన ముందే తెలిసినట్టు చెప్పాడు: "నీ పేరు మీ అమ్మ కార్డుల్నే ఉంది బిడ్డా. ఆడ తీపిస్తేనే ఈడ ఎక్కుతది. ముందుగాల ఆ పని చేసుకొని రా." పిల్లల పేర్లు ఎక్కడా లేవు కాబట్టి వాళ్లవి విడిగా చేర్చవచ్చా అని అడిగాను. చేర్చవచ్చు గాని ఒకే దరఖాస్తులో తల్లీ పిల్లలూ వెళ్తే విచారణకు వచ్చేవాళ్లకు అనుమానం ఉండదని ఆయన సలహా. అది సబబుగానే తోచింది.

తొలగింపు దరఖాస్తు పుట్టింటి మండలంలో పెట్టాలి. అందుకు అమ్మ కార్డు నంబరు, ఆమె ఆధార్, నా ఆధార్, పెళ్లి జరిగినట్టు రుజువు కావాలన్నారు. మాకు పెళ్లి రిజిస్ట్రేషన్ లేదు. శుభలేఖ, ఫోటో, పంచాయతీ నుంచి తెచ్చిన కాగితం పెట్టాము. అంతకంటే ముందు నా ఆధార్‌లో చిరునామా పుట్టింటిది కావడంతో దాన్ని మార్చుకోవాల్సి వచ్చింది. పాప ఆధార్‌లోనూ మా అమ్మగారి ఊరి చిరునామాయే ఉంది, ఎందుకంటే కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడే అది తీయించాము. మన దగ్గర చాలామంది పిల్లలకు ఇదే జరుగుతుంది. కాబట్టి కార్డు పని మొదలుపెట్టే ముందు ఇంట్లో అందరి ఆధార్‌లూ బయట పెట్టి చిరునామా, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒక్కలా ఉన్నాయో లేదో చూసుకోవడం మంచిది. నా భర్త ఇంటిపేరులో ఒక అక్షరం మామయ్య ఆధార్‌లో ఒకలా, ఆయన ఆధార్‌లో ఇంకోలా ఉంది. అదృష్టవశాత్తు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మతో ఈ విషయం మాట్లాడటం కాగితాల కంటే కష్టమయింది. నా పేరు తీసేస్తే ఆమె కార్డులో మిగిలేది రెండు యూనిట్లు, అమ్మ, తమ్ముడు. 18 కిలోలు 12 కిలోలవుతాయి. తినేవాళ్లు నలుగురు. అమ్మ కాదనలేదు, "నీ పేరు నీ ఇంట్ల ఉండాలె గద బిడ్డా" అన్నది. కాని ఆ మాట అన్నాక, తమ్ముడి భార్య పేరు ఎప్పుడు ఎక్కుతుందని పదే పదే అడిగింది. మరదలి పేరు రావాలంటే ముందు ఆమె పుట్టింట్లో తీయించాలి, వాళ్లింట్లోనూ ఒక కోడలుంది. ఒక కొస లాగితే పది ఇళ్ల ముడులు కదులుతాయి. ఏ ఇల్లూ ముందుగా తన కిలోలు వదులుకోవడానికి సిద్ధంగా ఉండదు, అది స్వార్థం కాదు; ముందు వదులుకున్న ఇంటికి కొత్త పేరు ఎప్పుడు ఎక్కుతుందో ఎవరూ హామీ ఇవ్వరు.

తొలగింపు ఆమోదం అయ్యేసరికి మార్చి చివరికొచ్చింది. కాబట్టి సన్నబియ్యం మొదటిసారి షాపుకు వచ్చిన ఏప్రిల్‌లో నా పేరు ఏ కార్డులోనూ లేదు.

సన్నబియ్యం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంతమంది ఒక్కసారిగా పేర్ల కోసం పరుగెత్తడానికి అసలు కారణం అదే. దొడ్డు బియ్యం కాలంలో మా ఊళ్లో చాలా ఇళ్లలో వాటిని అన్నానికి వాడేవాళ్లు కాదు. దోసెల పిండికి, సకినాలకు, రొట్టెలకు పట్టించేవాళ్లు, కోళ్లకు వేసేవాళ్లు, మిగిలినవి బండి మీద తిరిగే వ్యాపారికి తక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బుకు మరికొంత కలిపి సన్నబియ్యం కొనుక్కునేవాళ్లు. అలా అమ్మడం నేరమని అందరికీ తెలుసు, అయినా జరిగేది. మా ఇంట్లో మామయ్యకు మెత్తని అన్నం అయితేనే ముద్ద దిగుతుంది. కాబట్టి మేమూ సగం నెల బయట కొన్నవే తినేవాళ్లం. కిలో 50 రూపాయలకు అటూ ఇటూ ఉండేది. ఇంట్లో ఆరుగురికి నెలకు 60 కిలోల దాకా పడుతుంది.

ఏప్రిల్‌లో వచ్చిన బియ్యం కొత్తవి కావడంతో మొదట్లో అన్నం ముద్దయ్యేది. నీళ్లు తగ్గించి పోసుకోవడం అలవాటయ్యాక బాగానే వచ్చింది. సకినాలకు మాత్రం ఈ బియ్యం పనికిరావని, దొడ్డు బియ్యంతో చేసినట్టు కరకరలాడవని అత్తమ్మ ఇప్పటికీ గొణుగుతుంది. కిలోకు 50 రూపాయలు పలికే బియ్యం ఉచితంగా వస్తుంటే పట్టించుకోకుండా ఎవరూ ఉండరు. అంతకు ముందు ఏ పదో తారీకుకో తీరిగ్గా వెళ్లేవాళ్లంతా ఒకటో తారీకున సంచులతో షాపు ముందు నిలబడ్డారు. రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకునే వీలుండటంతో పక్క ఊరివాళ్లూ వచ్చారు, స్టాకు అయిపోయి మళ్లీ లోడు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 6 కిలోల్లో 5 కిలోలు 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఇచ్చేవి, 1 కిలో రాష్ట్రం కలిపేది. ఆ పరిమాణంలో మార్పేమీ రాలేదు. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు 35 కిలోలు కూడా అలాగే ఉంది. మారింది రకం మాత్రమే. కాని ఆ ఒక్క మార్పుతో, అప్పటిదాకా గ్యాస్ సబ్సిడీకి, ఉచిత కరెంటుకు ఆధారంగా చూసిన కార్డును మా ఊరు మళ్లీ బియ్యం కోసం చూడటం మొదలుపెట్టింది. ఒక యూనిట్ అంటే నెలకు 300 రూపాయలని నా లాంటివాళ్లు లెక్క వేసుకున్నారు.

తొలగింపు ఆమోదం కాగితం చూపించి ఏప్రిల్‌లో మా మండలంలోని మీసేవలో చేర్పు దరఖాస్తు పెట్టాను. కుటుంబ పెద్దగా కార్డులో ఉన్నది అత్తమ్మ, చట్టం ప్రకారం ఇంట్లో పెద్ద వయసు మహిళే యజమానురాలు కాబట్టి, సంతకం ఆమెదే కావాలి. పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, ఆధార్‌లు జత చేశాము. అదే సమయంలో మా ఆడపడుచు కూడా తన అత్తింట్లో పేరు ఎక్కించుకోవడానికి మా కార్డులోంచి తొలగింపు పెట్టుకున్నది. ఇక్కడ ఒక విషయం గమనించాను. తొలగింపు, చేర్పు రెండూ ఒకే ఆఫీసుకు, దాదాపు ఒకే సమయంలో వెళ్లాయి. మే నెలలోనే ఆమె పేరు పోయింది. మా పేర్లు జూలై దాకా రాలేదు. పేరు తీసేయడానికి విచారణ అక్కరలేదు, చేర్చడానికి కావాలి, కాబట్టి ఆలస్యం ఉండటం అర్థం చేసుకోవచ్చు. అయితే ఒకే ఇంటి దరఖాస్తులు రెండింటినీ కలిపి చూసే పద్ధతి ఉంటే నడుమ నెలల్లో ఆ ఇంటికి అన్యాయం జరిగేది కాదు.

విచారణకు గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. మా ఇంట్లో ఎవరెవరు ఉంటారు, భూమి ఎంత, కారు ఉందా, ఎవరికైనా ప్రభుత్వ ఉద్యోగం ఉందా అని అడిగారు. పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర రూపాయలు, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. భూమి తరి (నీటి వసతి ఉన్నది) అయితే మూడున్నర ఎకరాలు, ఖుష్కి అయితే ఏడున్నర ఎకరాలు మించకూడదు. మాకు ఆ భయం లేదు. ఆటో గురించి మాత్రం రెండుసార్లు అడిగారు. అది నా భర్త బతుకుదెరువు, ఫైనాన్సులో ఉంది, అని కాగితం చూపించాము. ఆయన మర్యాదగానే మాట్లాడారు, రాసుకొని వెళ్లారు. ఆ తర్వాత దరఖాస్తు తహసీల్దారు దగ్గర, అక్కడి నుంచి జిల్లా పౌరసరఫరాల అధికారి దగ్గర ఆగింది. ఈ మధ్యలో పని త్వరగా చేయిస్తామని డబ్బు అడిగినవాళ్లు ఊళ్లో ఉన్నారు. వెబ్‌సైట్‌లో స్థితి కనిపిస్తుండటంతో, వాళ్లు చేయగలిగింది ఏమీ లేదని, మాకు కనిపించేదే వాళ్లకూ కనిపిస్తుందని అర్థమయింది, ఇవ్వలేదు.

జూన్‌లో ఇంకో సంగతి జరిగింది. వర్షాకాలాన్ని దృష్టిలో పెట్టుకొని జూన్, జూలై, ఆగస్టు మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చారు. మనిషికి 18 కిలోలు. షాపులోని వేలిముద్ర మిషన్‌లో నెల నెలకూ విడిగా లెక్క నమోదు కావాలి కాబట్టి వేలిముద్ర పలుమార్లు వేయాల్సి వచ్చింది, ఒక్కో ఇంటికి చాలా సమయం పట్టింది, లైను రోడ్డు దాకా వచ్చింది. నాట్లు వేసి, కలుపు తీసి అత్తమ్మ వేళ్ల గీతలు అరిగిపోయాయి, ఆమెది పడలేదు. నా భర్త ఆటో ఆపి వచ్చి వేశారు. అప్పటికి మా ఆడపడుచు పేరు పోయింది, మా పేర్లు రాలేదు. కాబట్టి మూడు నెలలకూ మాకు లెక్కలోకి వచ్చింది మూడు యూనిట్లే, 54 కిలోలు. పెద్ద మూట ఇంటికి రావడం చూసి పిల్లలు సంబరపడ్డారు గాని, నెలకు పంచితే 18 కిలోలు. అంతకు ముందు 24 వచ్చేవి. పథకం మెరుగుపడిన సంవత్సరంలోనే, ఆ వర్షాకాలం మేము ఎన్నడూ లేనంత తక్కువ రేషన్‌తో గడిపాము. నష్టం రెండు నెలలతో పోయేది మూడు నెలలకు సాగింది, ఎందుకంటే కోటా ముందే ఇచ్చేశారు. బియ్యంలో పురుగు పడకుండా వేపాకు కలిపి డబ్బాలకెత్తాము, జూలై సగంలోనే డబ్బాలు అడుగంటాయి, మళ్లీ బయట కొన్నాము.

జూలైలో తిరుమలగిరి సభ తర్వాత వెబ్‌సైట్‌లో మా దరఖాస్తు ఆమోదమైనట్టు కనిపించింది. కార్డు వివరాలు తెరిస్తే ఆరు పేర్లున్నాయి, పాప పేరు, బాబు పేరు కూడా. వెంటనే డీలర్ దగ్గరికి వెళ్లాను. ఆయన మిషన్‌లో చూసి, పేర్లు ఎక్కాయి, బియ్యం సెప్టెంబరులో వస్తాయి అన్నాడు. ఏ నెల కోటా అయినా అంతకు ముందు నెలలోనే ఖరారవుతుంది, పైగా ఆగస్టు దాకా అందరికీ జూన్‌లోనే ఇచ్చేశారు. కార్డులో పేరు ఎక్కడం, బియ్యం చేతికి రావడం వేరువేరు తేదీలని ముందే తెలిసి ఉంటే ఆ రోజు షాపుకు సంచి పట్టుకొని వెళ్లేవాళ్లు కారు మా ఊళ్లో చాలామంది.

పేర్లు ఎక్కాక ఈకేవైసీ చేయించాలి. కార్డులో ఉన్న ప్రతి ఒక్కరూ షాపుకు వెళ్లి వేలిముద్ర వేసి తామే ఆ మనుషులమని నిరూపించుకోవాలి. వేరే ఊళ్లో ఉన్నవాళ్లు అక్కడి షాపులోనైనా వేయవచ్చు. నాది, పాపది అయిపోయాయి. పాపకు అయిదేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు తీయించి ఉండటంతో ఇబ్బంది రాలేదు. అత్తమ్మ వేలు పడలేదు కాబట్టి కంటిపాపతో ప్రయత్నించారు. ఒక కన్ను శుక్లం వల్ల పట్టలేదు, రెండోది పట్టింది.

సెప్టెంబరులో 36 కిలోలు తెచ్చుకున్నాము. పాత 24 కిలోలతో పోలిస్తే నెలకు 600 రూపాయల బియ్యం బయట కొనడం తగ్గింది. ఆ డబ్బు పాప బడి బస్సుకు సరిపోతోంది. ఇంకా 24 కిలోల దాకా కొంటూనే ఉన్నాము, 6 కిలోలు ఒక మనిషికి నెల రోజులు చాలవు, ఎవరికైనా తెలిసిన విషయమే.

అమ్మ కార్డులో మాత్రం ఇంకా రెండు యూనిట్లే. మరదలి పేరు ఆమె పుట్టింట్లో తొలగింపు అయింది, తమ్ముడు చేర్పు దరఖాస్తు పెట్టాడు, అది ప్రస్తుతం తహసీల్దారు దగ్గర ఉన్నట్టు చూపిస్తోంది. వాళ్ల బిడ్డ పేరు కూడా అందులోనే ఉంది. నేను ప్రతి వారం నంబరు కొట్టి చూసి అమ్మకు ఫోన్ చేసి చెబుతున్నాను. మా బాబుకు 2026లో అయిదేళ్లు నిండుతాయి, అప్పుడు వాడి ఆధార్‌కు వేలిముద్రలు తీయించి, షాపులో ఈకేవైసీ చేయించాలి.